ఛందోగణనలో బహుఫలిత ఫంక్షన్లు: విలువల వరుస

పద్యపాదాన్ని కంప్యూటరు ద్వారా పరిశీలించేటప్పుడు ఒకే పరిశీలన నుండి ఒకటికి మించిన ఫలితాలు అవసరమవుతాయి. పాదాన్ని ఒకసారి చదివితే గురువుల సంఖ్య, లఘువుల సంఖ్య రెండూ తెలుస్తాయి. వాటికోసం రెండు ఫంక్షన్లు రాయడం వృథాశ్రమ. సి భాషలో ఫంక్షన్ ఒక్క విలువనే తిరిగి ఇస్తుంది; రెండు కావాలంటే స్ట్రక్చర్‌నో పాయింటర్లనో ఆశ్రయించాలి. పైథాన్‌లో ‘రిటర్న్’ తరువాత రెండు పేర్లను కామాతో వేరుచేసి రాస్తే చాలు.

నిజానికి అక్కడ కూడా తిరిగి వచ్చేది ఒక్కటే. కామా ఆ రెండు విలువలను ‘టపుల్’ అనే మూటగా కడుతుంది. ఫంక్షన్‌ను పిలిచిన చోట

గురువులు, లఘువులు = లెక్కించు(పాదం)

అని రాస్తే మూట విడిపోయి, మొదటి విలువ మొదటి చలరాశికి, రెండవది రెండవదానికి చేరుతుంది. పైథాన్ 3 చలరాశులకు, ఫంక్షన్లకు తెలుగు లిపిలో పేర్లను అనుమతిస్తుంది గనుక ఈ పంక్తి యథాతథంగా చెల్లుతుంది.

ఎడమవైపు మూడు పేర్లుంటే ప్రోగ్రాం దోషం చూపి ఆగిపోతుంది. ఫంక్షన్ రాసినవారు లఘువులను ముందుంచి, వాడేవారు గురువులను ముందుగా అందుకుంటే మాత్రం ఏ హెచ్చరికా రాదు. పైథాన్ చూసేది స్థానాన్నే గాని పేరులోని అర్థాన్ని కాదు. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు వాడే పరిశోధనల్లో ఈ ప్రమాదం చిన్నదేమీ కాదు.

ఉత్పలమాల పాదంలో 8 గురువులు, 12 లఘువులు ఉంటాయి. వరుస తారుమారైతే 12 గురువులు, 8 లఘువులని వస్తుంది. మొత్తం 20 అక్షరాలే కనుక అక్షరసంఖ్యతో సరిచూసుకునేవారికి తప్పు కనబడదు. మాత్రలు లెక్కిస్తే 28కి బదులు 32 వచ్చి దోషం బయటపడుతుంది. మత్తేభవిక్రీడితంతో పరీక్షిస్తే ఆ అవకాశమూ లేదు. అందులో గురువులు 10, లఘువులు 10. పరీక్షకు ఎంచుకున్న వృత్తమే దోషాన్ని దాచిపెడుతుంది. కనుక గురులఘువుల సంఖ్యలు వేరువేరుగా ఉండే శార్దూలం (11, 8), చంపకమాల (7, 14) వంటివాటితోనూ పరీక్షించాలి.

ఇంతకంటె మేలైన మార్గం విలువలకు పేర్లు జోడించి పంపడం. పైథాన్‌లోని ‘నేమ్‌డ్‌టపుల్’ ఇందుకు ఉపకరిస్తుంది, ఫలితం.గురువులు, ఫలితం.లఘువులు అని విడివిడిగా తీసుకోవచ్చు. అయితే దానినీ కామాతో విడదీస్తే పాత చిక్కే తిరిగి వస్తుంది. ‘డేటాక్లాస్’ వాడితే అలా విడదీయడానికి మామూలుగా వీలుండదు. తరువాత మాత్రాసంఖ్యను మూడవ విలువగా చేర్చవలసి వచ్చినా, పేర్లతో తీసుకునే పాత ప్రోగ్రాములు మార్పు లేకుండా పనిచేస్తాయి.