పేరు చాలు, తలుపు తెరవనక్కర్లేదు

డీఎన్ఎస్ ధ్రువీకరణ అంటే, ఒక డొమైన్ తన చేతిలోనే ఉందని ఆ పేరు మీది రికార్డుల్లో ఒక వరుస రాసి యజమాని రుజువు చేసుకోవడం. సొంత సర్వర్ నడిపేవాళ్లకు ఉచిత ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ తేలిగ్గా వచ్చే దారి ఇది.

గుంటూరు మిరప యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతు టిక్కీలు (బస్తాలు) ఎన్ని, ఏ గదిలో ఉన్నాయన్న లెక్క ముఖ్యం. ఆ లెక్క ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంచి గుమాస్తా ఫోన్‌లో చూడాలంటే, వైఫైలో పాస్‌వర్డ్ బట్టబయలు కాకూడదు. అందుకు గుప్తీకరణ, దానికి సర్టిఫికెట్ కావాలి. సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్ పెడితే బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను రోజూ దాటేసే గుమాస్తా, నిజంగా మోసం ఎదురైన రోజున కూడా అలాగే దాటేస్తాడు.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. దాని మామూలు పద్ధతిలో బయటి సర్వర్ 80వ పోర్టుకు వచ్చి తనిఖీ చేస్తుంది. రౌటర్ వెనకున్న కంప్యూటర్‌కు ఆ దారి ఉండదు. ఉండకపోవడమే క్షేమం కూడా.

డీఎన్ఎస్ పద్ధతిలో సంస్థ ఒక టోకెన్ ఇస్తుంది. అడిగిన ప్రోగ్రామ్ దానికి తన ఖాతా కీ ముద్ర కలిపి, ఎస్‌హెచ్ఏ-256తో 43 అక్షరాల వరుసగా మారుస్తుంది. ఖాతా ముద్ర కలిసింది కాబట్టి వేరొకరికి అది పనికిరాదు. ఆ వరుసను డొమైన్‌కు ముందు ‘_ఆక్మీ-ఛాలెంజ్’ చేర్చిన పేరు మీద టీఎక్స్‌టీ రికార్డుగా పెడతారు. సంస్థ పలుచోట్ల నుంచి ఆ రికార్డు చదివి, సరిపోతే సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రైవేట్ కీ ఆఫీసు కంప్యూటర్ దాటదు. డొమైన్ 192.168.1.10 లాంటి లోపలి చిరునామాను చూపినా అభ్యంతరం లేదు. తెలుగు లిపిలో ‘.భారత్’తో ముగిసే పేర్లకూ ఇదే పద్ధతి. డీఎన్ఎస్‌లో అవి ప్యూనీకోడ్‌గా మారి ఉంటాయి.

ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌లోని పేరూ బహిరంగ చిట్టాలకు ఎక్కుతుంది. ‘స్టాక్’, ‘బిల్లు’ లాంటి లోపలి పేర్లు బయటపడకూడదనుకుంటే, 2018 మార్చి నుంచి ఆ సంస్థ ఇస్తున్న, డొమైన్ కింది పేర్లకు ఉమ్మడిగా పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో దానికి డీఎన్ఎస్ దారి ఒక్కటే.

మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు కాబట్టి పునరుద్ధరణ ప్రోగ్రామ్‌కే అప్పగించాలి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి: ప్రతిసారీ టీఎక్స్‌టీ రికార్డు రాయడానికి ఆ ప్రోగ్రామ్‌కు డీఎన్ఎస్ ఏపీఐ కీ ఇవ్వాలి. డొమైన్ మొత్తాన్ని మార్చగల ఏపీఐ కీ ఆ కంప్యూటర్‌లో ఉంటే, దాన్ని దొంగిలించినవాడు మెయిల్‌ను కూడా దారి మళ్లించగలడు. ‘_ఆక్మీ-ఛాలెంజ్’ పేరును సీనేమ్ రికార్డుతో వేరే డొమైన్‌కు మళ్లించి, ఆ డొమైన్ ఏపీఐ కీ మాత్రమే కంప్యూటర్‌లో ఉంచితే, దొంగ మెయిల్ రికార్డుల జోలికి పోలేడు.