లాడ్ బజార్‌లో వెలుగు లెక్కలు

ఆదివారం కెమెరా భుజాన వేసుకుని హైదరాబాద్ పాతబస్తీకి వచ్చేవాళ్లందరూ చార్మినార్‌ని తీస్తారు. అది చాలావరకు బాగానే వస్తుంది. చిక్కంతా పక్కనున్న లాడ్ బజార్‌తోనే. వీధి నడుమ ఎండ, రెండువైపులా చీకటి దుకాణాలు, ఆ చీకట్లో వరసలు వరసలుగా లక్క గాజులు. అక్కడ నిలబడ్డ మనిషికి ఎండలో రిక్షా, లోపల గాజుల రంగులు, వాటిని చేతికి తొడిగి చూపించే దుకాణదారు ముఖం అన్నీ కనిపిస్తాయి. ఫొటోలో మాత్రం వీధి కుదిరితే దుకాణం నల్లబడుతుంది, దుకాణం కుదిరితే వీధి తెల్లగా పాలిపోతుంది.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. దుకాణం లోపలి వెలుతురు కొన్ని వందల లక్స్. దాన్ని 400 అనుకుంటే తేడా 250 రెట్లు. ఫొటోగ్రాఫర్లు దీన్ని స్టాపుల్లో చెబుతారు. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు. 250 రెట్లంటే దాదాపు 8 స్టాపులు. దీనికి తోడు, ఆ దుకాణంలోనే నల్లటి లక్క గాజుకీ దాని మీద తళుక్కుమనే అద్దం రాయికీ మధ్య మరికొన్ని స్టాపుల తేడా ఉంటుంది. ఇప్పటి మంచి కెమెరా సెన్సర్ ఒక్క క్లిక్కులో 12 నుంచి 14 స్టాపులు పట్టగలదు. ఫోన్‌లోని చిన్న సెన్సర్‌కి అంత శక్తి లేదు. అంటే లాడ్ బజార్ మధ్యాహ్నం కెమెరా సామర్థ్యపు అంచుల దాకా వెళ్తుంది.

కంటికి ఈ ఇబ్బంది ఎందుకు లేదంటే, అది దృశ్యాన్నంతా ఒకేసారి చూడదు. వీధి మీద ఒకసారి, గాజుల మీద ఒకసారి వాలుతుంది. వాలిన ప్రతిచోటా అక్కడి వెలుగుకి సర్దుకుంటుంది. ఆ ముక్కల్ని మెదడు కలిపి కుడుతుంది. పైగా కన్ను వెలుగుని రెట్లలో పోల్చుకుంటుంది. ఒక బల్బు పక్కన రెండోది వెలిగితే వెంటనే తెలుస్తుంది, వంద బల్బుల మధ్య నూట ఒకటోది వెలిగితే తెలియదు. సెన్సర్‌కి ఆ తేడా పట్టదు. పడిన ఫోటాన్‌లను లెక్కపెట్టి అంకె రాయడమే దాని పని.

ఎడిటింగ్ మెలకువలన్నీ ఆ అంకెల తీరులోనే ఉన్నాయి. సెన్సర్ రాసిన అంకెల్ని అలాగే దాచే ఫైల్‌ని రా ఫైల్ అంటారు. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లుంటాయి. వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికంటే ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే పోతాయి. తర్వాతి స్టాపుకి 4,096, ఆ తర్వాత 2,048. ఇలా సగమవుతూ వెళ్తే తొమ్మిదో స్టాపుకి మిగిలేది 32 మెట్లు. గాజుల దుకాణం ఉండేది అక్కడే. ఎడిటింగ్‌లో షాడోస్ స్లైడర్‌ని పైకి జరిపితే ఆ 32 మెట్లనే సాగదీస్తున్నాం.

సాగదీసినప్పుడు గరుకు కూడా పైకి తేలుతుంది. ఫోటాన్‌లు సమంగా రావు, చినుకుల్లా ఎడాపెడా పడతాయి. ఒక పిక్సెల్ మీద 10,000 పడితే సహజంగా వచ్చే హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100. ఇది ఒక శాతమే, కంటికి తెలియదు. 100 పడిన చోట హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. నీడలోని గోడ ఇసుక చల్లినట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. కెమెరా ఎంత ఖరీదైనదైనా వెలుగుకున్న ఈ గుణాన్ని మార్చలేదు. ఎక్కువ వెలుగు సేకరించడమొక్కటే దారి. అందుకే తెలిసినవాళ్లు ఎండ పడిన చోట వివరం పోకుండా, ఆ హద్దు దాకా ఎక్స్‌పోజర్ పెంచి తీస్తారు. ఇంటికొచ్చాక నీడల్ని లేపుతారు. హద్దు దాటి పూర్తిగా తెల్లబడిన చోట మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఏమీ దొరకదు, అక్కడ అంకెలన్నీ ఒకటే.

ఫోన్‌లు ఇదే పనిని మరోలా చేస్తాయి. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ లాంటి పద్ధతుల్లో ఫోన్ తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా కొన్ని ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది ఫ్రేములు కలిపితే గరుకు మూడోవంతుకి తగ్గుతుంది. రిక్షా కదులుతూ ఉంటే ఆ పేర్పు ఎప్పుడైనా చెదిరి, చక్రం పక్కన దయ్యంలా మరో చక్రం కనిపించవచ్చు.

ఎడిటింగ్ అంటే మోసమని, ‘ఉన్నదున్నట్టు’ పెట్టామని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. అలాంటి ఫొటో అసలు లేదు. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన అమరికలో సగం పిక్సెళ్ల మీద ఆకుపచ్చ, పావు వంతు మీద ఎరుపు, పావు వంతు మీద నీలం వడపోతలు ఉంటాయి. మిగతా రెండు రంగులు ఇరుగుపొరుగు పిక్సెళ్లను చూసి వేసిన అంచనాలు. జేపెగ్ బయటికొచ్చేసరికి కెమెరాయే ఒక విడత ఎడిటింగ్ ముగించి, ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంచి మిగతావి పారేసి ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలపు గాజు పలకలు కూడా నీలానికి అతిగా, ఎరుపుకి అంతంతమాత్రంగా స్పందించేవి. ఆనాటి ఫొటోల్లో ఆకాశాలు తరచుగా తెల్లకాగితంలా ఉండటం అందువల్లే. నా అభ్యంతరమల్లా ఎడిటింగ్ మీద కాదు, శాచురేషన్ స్లైడర్‌ని చివరిదాకా లాగడం మీద. లక్క గాజులకి ఉన్న రంగే చాలు.

కెమెరాలోని మీటర్‌కి ఇంకో వింత అలవాటు. ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థ బూడిదరంగుకి, అంటే పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పిపంపే వస్తువుకి, సరిపోల్చాలని చూస్తుంది. ఫ్రేమంతా చార్మినార్ సున్నపు గోడే అయితే దాన్ని మసక చేస్తుంది. నల్ల బురఖాలే నిండి ఉంటే వాటిని బూడిదరంగుకి లేపుతుంది. ఈ సంగతి తెలిస్తే గోడకి ఒక స్టాపు పెంచి, బురఖాకి ఒక స్టాపు తగ్గించి తీయవచ్చు. మనుషుల్ని దగ్గరగా తీసేముందు అడగడం మర్యాద, ముఖ్యంగా ఆ వీధిలో.

రంగుల దగ్గర వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా సర్దడం, వస్తుంది. ఎండ దాదాపు 5,500 కెల్విన్, నీడ 7,000 పైన నీలంగా, పాత ఫిలమెంట్ బల్బు 2,700 దగ్గర పసుపుగా ఉంటుంది. రా ఫైల్‌లో ఈ తేడాల్ని తర్వాత కూడా సర్దుకోవచ్చు, ఎందుకంటే మూడు రంగుల అంకెలూ విడివిడిగా దాచి ఉంటాయి. సోడియం దీపం కింద ఈ ఉపాయం పారదు. దాని వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టూనే పోగవుతుంది. నీలం గాజు మీద పడని నీలాన్ని స్లైడర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

సాయంత్రపు బంగారు వెలుగు కోసం విదేశీ వీడియోలు చూసి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. మార్చి, సెప్టెంబరు నెలల విషువత్తు రోజుల్లో హైదరాబాద్ దగ్గర సూర్యుడు గంటకి 14 డిగ్రీలకు పైగా కిందికి దిగుతాడు. లండన్‌లో అది 9 డిగ్రీల పైచిలుకు. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి దిగంతాన్ని తాకడానికి అక్కడ సుమారు 38 నిమిషాలు పడితే ఇక్కడ 25. పాతబస్తీలో మేడలు దాన్ని ఇంకా ముందే మింగేస్తాయి. కాబట్టి ఎక్కడ నిలబడాలో ముందే చూసిపెట్టుకోవాలి. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడ ఉండదు. ముఖాలు తీయడానికి అంత చెడ్డ వేళ మరొకటి లేదు, కళ్లు రెండు చీకటి గుంతలవుతాయి.

మినార్లు లోపలికి వంగినట్టు రావడం మరో ఫిర్యాదు. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే సెన్సర్ కూడా వెనక్కి వాలుతుంది, సమాంతర గీతలు పైన కలవబోతాయి. ఎడిటింగ్‌లో నిలబెట్టవచ్చు. కానీ అప్పుడు పైభాగం సాగుతుంది, అక్కడి పిక్సెళ్లు పలచబడతాయి, అంచులు కత్తిరించుకుపోతాయి. గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి నడిచి కెమెరాని నిలువుగా పట్టుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

చీకటి పడ్డాక దుకాణాల్లో ఎల్‌ఈడీలు వెలుగుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక దీపాలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ, సెన్సర్ ఫ్రేముని వరసల వారీగా చదువుతుంది కనుక ఫొటో మీద అడ్డచారలు పడతాయి. షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే ప్రతి వరసకీ పూర్తి మిణుకులే అందుతాయి, చారలు మాయమవుతాయి. ఎడిటింగ్‌లో వాటిని తుడవడం కంటే ఇది ఎంతో తేలిక.