దూరం మీద పోగయ్యే చందా

మోటారు సైకిల్‌పై సుదూర యాత్ర చేసి సేవాకార్యాలకు నిధులు సమకూర్చే పద్ధతిలో డబ్బు పుట్టేది దారిలో కాదు, బయలుదేరక ముందే యాత్రికుడు తన బంధుమిత్రుల నుంచి, తోటి ఉద్యోగుల నుంచి తీసుకునే మాటలో; కిలోమీటరుకు ఇంత అనో, యాత్ర పూర్తయితే ఇంత అనో వారు ఒప్పుకొనే ఈ సొమ్మును వాగ్దాన విరాళం అనవచ్చు. గుడికో బడికో చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినప్పుడు దాత మొహమాటానికి ఇస్తాడు, ఇక్కడ అడిగేవాడు పడే శ్రమను చూసి ఇస్తాడు.

2012లో సిడ్నీలో మార్క్ హవ్వా మొదలుపెట్టిన ‘డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్’ ఈ పద్ధతికి బాగా పేరున్న రూపం; సూటూ బూటూ వేసుకుని పాతకాలపు బండ్లపై సాగే ఆ సవారీ ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు, పురుషుల మానసిక ఆరోగ్యానికి విరాళాలు సేకరిస్తుంది, కాకపోతే అది ఒక్కపూట నగర విహారమే. అంతకంటే ఆలోచింపజేసేది ‘రైడర్స్ ఫర్ హెల్త్’ చరిత్ర. 1980లలో పిల్లల సంక్షేమం కోసం నిధులు సేకరించిన రేసర్ ర్యాండీ మమోలా, పాత్రికేయుడు బ్యారీ కోల్‌మన్ సోమాలియా వెళ్లినప్పుడు, ఆరోగ్య కార్యకర్తలకిచ్చిన బండ్లు చిన్నపాటి మరమ్మతు లేక మూలపడి ఉండటం చూశారు. దాంతో ఆ తరువాత ఏర్పడిన ఆ సంస్థ బండ్లు నడపడంతోపాటు పెట్రోలు, ఆయిలు, చైను బిగువు, నట్లూ బోల్టులూ రోజూ చూసుకునే అలవాటును ఆఫ్రికా దేశాల కార్యకర్తలకు నేర్పింది.

తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు ఆగ్నేయాసియాకు చేసిన ‘రోడ్ టు మెకాంగ్’ యాత్ర; సుమారు 17,000 కిలోమీటర్ల ఆ ప్రయాణం నిధుల కోసం చేసింది కాదు గానీ, అందులో పాల్గొన్న జై భారతి ఆ తరువాత ‘మోవో’ సంస్థను స్థాపించి మహిళలకు బండ్లు నడపడం నేర్పించే పని చేపట్టారు.

సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డి జిల్లాలోని పిట్లం మీదుగానే సాగుతున్నందున ఇక్కడి యువకులకు దారి కొరత లేదు; చూసుకోవలసింది లెక్క. పెట్రోలు, బస ఖర్చులు యాత్రికుడి జేబులోంచే పోవాలి, చందా నేరుగా సంస్థ ఖాతాలోనే పడాలి. ఆ ఖర్చు వచ్చే చందాను మించేటట్టయితే లద్దాఖ్ దాకా పోవడం విహారయాత్రే తప్ప సేవ కాదు. విరాళంపై ఆదాయపు పన్ను మినహాయింపు, అంటే 80జీగా జనం ఎరిగినది, కోరే దాత సంస్థ ఇచ్చే విరాళ ధ్రువపత్రం తీసుకోవాలి. 2017 నాటి సవరణ నుంచి రూ. 2,000 దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు లేదు. ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశాల్లో వేగపు పోటీలు పెట్టడం 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద శిక్షార్హం గనుక, వాగ్దానాన్ని కిలోమీటర్లకే ముడిపెట్టాలి గానీ ఎన్ని గంటల్లో చేరారన్నదానికి కాదు.