పేరులేని చేతికుట్టు

1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. బానిసత్వమును నిలుపుకొనగోరి విడిపోయిన దక్షిణ రాష్ట్రముల సామాన్య సిపాయిలు నడుము వఱకు వచ్చు కురచకోటులు తొడిగెడివారు. వానిలో కొన్ని నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవి. వానిని పరిశీలించి, అచ్చముగా నట్టివే కుట్టువారు కలరు.

ఆ కోటుగుడ్డ పెక్కింటికి పడుగు నూలు, పేక ఉన్ని. వెలుగు సోకి బూడిదవన్నె గోధుమవన్నెకు మాఱిన కోటులందును కుట్టుమడతలలోపల తొలివన్నె దాగియుండును.

రిచ్మండు నగరమున ప్రభుత్వపు బట్టల కార్యాలయములో గుడ్డను కత్తిరించి, ముక్కలను స్త్రీల కిచ్చెడివారు. వారిలో సిపాయిల భార్యలు, వితంతువులును గలరు. వా రిండ్లలో కుట్టితెచ్చి, కోటునకింత యని కూలి పొందెడివారు. అందుచేతనే ఒక కోటున కాజాలు తీరుగా నుండును; వేఱొకదాన వంకరపోవును. నేర్పరులగు నేటి పనివారు ఆ వంకరలనుగూడ దిద్దక కుట్టుదురు.

ఈ శ్రమ ఆ పక్షమును పొగడుటకు గాదు. సేనానుల పేర్లు చరిత్రలో నిండియున్నవి. ప్రత్తి పండించిన బానిసల పేర్లుగాని, కుట్టిన స్త్రీల పేర్లుగాని కోటులపై లేవు. సూది పట్టిన మనకైనను ఆ కుట్టు వెనుక నున్న చేయి కనబడవలదా?