భాగం 7: వేసవిలో శిలారోహణ యాత్రకు ప్రణాళిక – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
• వేసవిలో బండ ఎప్పుడు, ఎందుకు వేడెక్కుతుందో వివరించడం
• మే నెలలో నీడ ఉండే బండముఖాన్ని గుర్తించడం
• ఒక బృందానికి కావలసిన నీటిని లెక్కకట్టడం, కాలపట్టిక తయారుచేయడం
• వడదెబ్బ లక్షణాలను గుర్తించి ప్రథమ చికిత్స చేయడం

7.1 పరిచయం

మన ప్రాంతంలో బండలెక్కడానికి అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. కాని విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పెద్ద సెలవులు దొరికేది వేసవిలోనే. అందుచేత ‘వేసవిలో వెళ్ళవద్దు’ అన్న సలహా మంచిదే అయినా చాలామంది దాన్ని పాటించలేరు. వెళ్ళక తప్పనివారు క్షేమంగా తిరిగిరావడానికి ఏం చేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఎడారులు కావు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే ప్రాంతాన్ని సాధారణంగా ఎడారి అంటారు. ఇక్కడ అంతకు రెట్టింపు పైగానే పడుతుంది. అయినా మే నెలలో నీడలేని బండమీద నిలబడిన మనిషికి ఎడారిలోని ప్రమాదమే ఎదురవుతుంది. ఈ భాగమంతటికీ మూలసూత్రం ఒకటే: వేసవి యాత్రలో ముందుగా నిర్ణయించవలసింది ఏ కొండ అన్నది కాదు, ఏ గంట అన్నది.

7.2 ఈ ప్రాంతపు శిలలు

ఇక్కడి కొండలు ప్రధానంగా గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడ్డాయి. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. శిల గట్టిది, చేతికి గరుకుగా తగులుతుంది. అయితే చాలా బండలు నిట్టనిలువుగా ఉండవు. బోర్లించిన మూకుడులా వాలుగా ఉంటాయి. వాటి పైపొరలు ఉల్లిపాయ పొరల్లా లేస్తుంటాయి. ఇలా లేచిన పలకను పిడికిలితో తడితే బోలుగా మోగుతుంది. ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించే క్రమంలో ఈ పలకలు ఇంకా వదులవుతాయి. బోలుగా మోగిన పలకకు తాడు కట్టకూడదు, దాన్ని పట్టుకుని వేలాడకూడదు.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో హార్సిలీ కొండలు ఉన్నాయి. దీని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర వేసవి విడిదికి ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఈ పేరు వచ్చింది. ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. మదనపల్లె పట్టణం సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి ఉష్ణోగ్రత దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన కొండమీద గాలి మూడున్నర డిగ్రీల మేర చల్లగా ఉంటుంది. కాని ఇది గాలి సంగతి మాత్రమే. ఎండ తగిలే బండకు ఈ చల్లదనం పెద్దగా అక్కరకు రాదు.

7.3 బండ ఎప్పుడు వేడెక్కుతుంది?

గాలి 38 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఎండలోని బండ 50 డిగ్రీలు సులభంగా దాటుతుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి, తాకే రాయి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటికి చల్లబడే దారి ఒక్కటే మిగులుతుంది, అది చెమట ఆరడం.

బండ వేడిని దాచుకుంటుంది కూడా. వేసవిలో మిద్దెమీద పక్క వేసుకునేవారికి ఇది అనుభవమే. పొద్దు గూకి రెండు గంటలైనా కింది గచ్చు వెచ్చగానే ఉంటుంది. అందువల్ల ఉదయం ఆరు గంటలూ సాయంత్రం ఆరు గంటలూ సమానం కావు. బండ బాగా చల్లబడి ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. పైగా ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉరుములు, పిడుగులతో వాన కురిసే అవకాశం ఉంది. ఈ రెండు కారణాల వల్ల వేసవి శిలారోహణను ఉదయానికే పరిమితం చేయాలి.

7.4 ఏ ముఖాన్ని ఎంచుకోవాలి?

యూరప్, అమెరికా రచయితల పుస్తకాల్లో ‘వేసవిలో ఉత్తరముఖపు గోడ ఎక్కండి, అక్కడ నీడ ఉంటుంది’ అని చదువుతాం. వారి అక్షాంశాలకు అది నిజం. మనకు కాదు. మదనపల్లె సుమారు 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు మన నడినెత్తికి వచ్చి, ఆ తరువాత ఉత్తరానికి జరుగుతాడు. ఆగస్టు మూడో వారం వరకు మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి మే నెలలో ఎండ తగిలేది ఉత్తరముఖానికే. నిట్టనిలువు దక్షిణముఖానికి నీడ దక్కుతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. మే నెల మధ్యలో ఒక మీటరు కర్రను నేలలో నిటారుగా పాతండి. మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో దాని నీడ చూడండి. సుమారు 9 సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిలువు గోడకు ఎండ ఏటవాలుగా రాసుకుని పోతుంది. వాలుబండకు మాత్రం దాదాపు నేరుగా తగులుతుంది. మన కొండల్లో వాలుబండలే ఎక్కువ. అందువల్ల ఉదయం పూట పడమర, నైరుతి ముఖాలను ఎంచుకోవాలి. తూర్పు, ఈశాన్య ముఖాలకు తెల్లవారిన వెంటనే ఎండ తగులుతుంది.

7.5 కాలపట్టిక

కాలపట్టికను చివరి నుంచి వెనక్కి వేసుకోవాలి. మే నెలలో మదనపల్లెలో సూర్యోదయం సుమారు 5.50కి. పది గంటలకల్లా తాడు సంచిలోకి చేరాలి అనుకుంటే, ఎక్కడం 9.30కి ఆపాలి. ఆరు గంటలకు ఎక్కడం మొదలుపెట్టాలంటే బండ మొదటికి 5.45కే చేరాలి. గంట నడక ఉన్నచోట 4.45కే బయలుదేరాలి.

ఇప్పుడు ఇదే పట్టికను కుప్పం వైపు పెట్టి చూడండి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగులు రాత్రి పొలాలమీదకు వచ్చి తెల్లవారుజామున అడవికి మళ్ళుతుంటాయి. అంటే ఎండ తప్పించుకోవడానికి మనం నడవాలనుకున్న సమయమే ఏనుగులు నడిచే సమయం. ఇక్కడ చీకట్లో నడవకూడదు. బాగా వెలుగు వచ్చాకే, ఊరివారిని అడిగి కదలాలి.

అప్పుడు గంట నడక ఉన్న కొండ ఎక్కడానికి రెండున్నర గంటలే మిగులుతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి పదకొండు దాకా బండమీద ఉందామని అనిపిస్తుంది. అది సరైన పరిష్కారం కాదు. దారికి దగ్గరగా ఉన్న చిన్న బండను ఎంచుకోవాలి. రెండు జాగ్రత్తలు ఒకదానికొకటి అడ్డువచ్చినప్పుడు తగ్గించుకోవలసింది ఎక్కే ఎత్తును, జాగ్రత్తను కాదు.

పుంగనూరు చుట్టుపక్కల పొలాల మధ్య లేచిన గుట్టలు, గుండ్లు ఇటువంటి చిన్న ఆరోహణకు అనువైనవి. అయితే పొలం యజమానిని అడగాలి. గుడి ఉన్న బండను, ఊరివారు పూజించే బండను వదిలిపెట్టాలి. అభయారణ్యంలోకి వెళ్ళడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి అవసరం. ఏ కొండ అయినా తేనెపట్టులున్న చరియల కిందికి వెళ్ళవద్దు. కొండ తేనెటీగలు గుంపుగా మీదపడితే తాడుమీద వేలాడుతున్న మనిషి తప్పించుకోలేడు.

7.6 నీటి లెక్క

ఎండలో శ్రమించే మనిషి గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చెమట కోల్పోతాడు. గంటకు ముప్పావు లీటరు చొప్పున ఆరు గంటలకు మనిషికి 4.5 లీటర్లు. ఆపదకు మరో లీటరు. నలుగురికి 22 లీటర్లు, అంటే 22 కిలోల బరువు. తాడు, హెల్మెట్లు, హార్నెస్‌లు దీనికి అదనం. ఈ లెక్క ఇంటిదగ్గరే వేసుకుంటే, ఎంత దూరపు కొండకు వెళ్ళగలమో అదే చెబుతుంది. వేసవిలో వాగుల్లో, బండమీది దోనల్లో నీళ్ళుంటాయని నమ్ముకోవద్దు.

ఉట్టి నీళ్ళే తాగుతూపోతే చెమటతో పోయిన ఉప్పు భర్తీ కాదు. లీటరు నీటికి ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. ఇవి తలకొట్టిన టీ చెంచాలు. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి కూడా మంచివే. ఎండ అలవాటు లేనివారికి శరీరం సర్దుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో శ్రమను కొద్దికొద్దిగా పెంచాలి.

7.7 వెనుదిరిగే నియమాలు

వేడి మొదట దెబ్బతీసేది ఆలోచననే. అందుకే ఎప్పుడు వెనుదిరగాలో బయలుదేరకముందే రాసుకోవాలి. కింది మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా బృందం దిగాలి.
1. గడియారం 9.30 చూపినప్పుడు
2. ఆపద నీరు పోను, మిగతా నీరు సగం అయిపోయి, ఎక్కడం ఇంకా సగం పూర్తికానప్పుడు
3. అరచెయ్యి ఐదు సెకన్లపాటు బండకు ఆనించలేనప్పుడు

7.8 వడదెబ్బ – ప్రథమ చికిత్స

తలనొప్పి, వికారం, కండరాల పట్టు తొలి హెచ్చరికలు. అప్పుడే నీడకు చేర్చాలి. మాట తడబడడం, అడుగు తూలడం, చిరాకు, పొంతనలేని జవాబు కనిపిస్తే అది వడదెబ్బ కావచ్చు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు’ అనుకోవడం పొరపాటు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు.

ముందు చల్లబరచాలి, తరువాత తరలించాలి. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా నీటితో తడిపి విసరాలి. తెచ్చిన నీరంతా దీనికి వాడినా తప్పులేదు. ఒకరు ఆ పని చేస్తుండగా మరొకరు 108కి ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

7.9 సారాంశం

వేసవి శిలారోహణలో సమయం, నీడ, నీరు ఈ మూడూ కొండను నిర్ణయిస్తాయి. అయితే పుస్తకం చదివి తాడు కట్టడం నేర్చుకోలేం. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి కోటబండమీద, శిక్షకుల పర్యవేక్షణలోనే. మీరూ శిక్షణ పొందినవారి వెంటే మొదటిసారి ఎక్కాలి.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మే నెలలో మదనపల్లెలో ఉత్తరముఖపు బండ ఎందుకు వేడెక్కుతుంది?
2. ఉదయం ఆరు గంటల బండకూ సాయంత్రం ఆరు గంటల బండకూ తేడా ఏమిటి?
3. ఆరుగురు సభ్యులు, ఐదు గంటల యాత్ర. కావలసిన నీటిని లెక్కకట్టి, ఎవరెంత మోయాలో రాయండి.
4. మీ ఊరికి దగ్గరలోని ఒక బండను ఎంచుకుని, అది ఏ దిక్కుకు ముఖం చేసి ఉందో చూసి, మే నెలకు కాలపట్టిక తయారుచేయండి.