నిద్రమాత్రకు అసలు పరీక్ష తెల్లవారిన తరువాతే

రాత్రి రెండు గంటలయింది. కూతురి పెళ్లి ఇంకా ఆరు రోజులలోకి వచ్చింది. అరవై ఏడేళ్ల తండ్రి మంచం మీద అటూ ఇటూ పొర్లుతున్నాడు. వంటవాళ్లకు ఇవ్వవలసిన బయానా, రావలసిన చుట్టాలు, చాలీచాలని డబ్బు ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు తిరుగుతున్నాయి. నిద్ర లేకపోవడం వరుసగా ఇది నాలుగో రాత్రి. మరునాటి సాయంకాలం పక్కింటి కుర్రవాడు ఒక మాత్ర చేతిలో పెట్టి, "పడుకొనే ముందు ఇది వేసుకోండి బాబాయిగారూ. మా నాన్నగారికి బ్రహ్మాండంగా పనిచేసింది" అన్నాడు. ఆ రాత్రి నిజంగానే నిద్ర పట్టింది. కాని తెల్లవారుజామున లేచి పెరట్లోకి వెళ్లబోయిన ఆ పెద్దమనిషికి కాళ్లు తేలిపోయాయి. గడప దగ్గర పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

ఈ తండ్రికి పేరు అక్కరలేదు. ఇటువంటి సంగతి ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా జరగవచ్చు. ఆ మాత్ర పనిచేయకపోవడం కాదు ఇక్కడి చిక్కు. కావలసినదానికంటె ఎక్కువసేపు పనిచేయడమే.

నిద్రమాత్ర గురించి అందరూ అడిగే ప్రశ్న "దీనితో నిద్ర పడుతుందా?" అన్నదే. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: "తెల్లవారేసరికి ఈ మందు ఒంట్లో ఎంత మిగిలి ఉంటుంది?"

ప్రతి తరానికీ ఒక 'నిరపాయమైన' మాత్ర

నిద్రమందుల చరిత్ర నిండా నమ్మకాలూ, వాటి వెనుకనే వచ్చిన పశ్చాత్తాపాలూ కనిపిస్తాయి. 1903లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ వెరోనాల్ అనే మందును పరిచయం చేశారు. దానితో బార్బిట్యురేట్ల యుగం మొదలైంది. నిద్ర పుచ్చే మోతాదుకూ, ప్రాణం తీసే మోతాదుకూ నడుమ దూరం ఈ మందులలో చాలా తక్కువ. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ వచ్చింది. గర్భవతులకు సైతం హాని చేయదని ప్రచారం చేసి, డాక్టరు చీటీ లేకుండానే అమ్మారు. 1961లో దానిని వెనక్కు తీసుకొనేలోగా అనేక దేశాలలో అవయవలోపాలతో పుట్టిన శిశువులు పదివేలకు పైబడి ఉంటారని అంచనా.

1963లో వేలియం పేరుతో డయజెపామ్ వచ్చింది. అదే కుటుంబానికి చెందిన నైట్రజెపామ్, అల్ప్రజోలామ్ దాని వెంట నడిచాయి. బార్బిట్యురేట్లకంటె ఇవి మేలేగాని, వీటికి శరీరం అలవాటు పడుతుంది. 1992లో అమెరికాలో అనుమతి పొందిన జోల్పిడెమ్ ఈ దోషాలు లేనిదని చాలామంది ఆశించారు. అయితే 2013లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ స్త్రీలకు ఆ మందు మోతాదును పది మిల్లీగ్రాముల నుంచి అయిదుకు తగ్గించమన్నది. రాత్రి వేసుకొన్న మందు మరునాటి ఉదయం కారు నడిపే సామర్థ్యాన్ని దెబ్బతీసేటంతగా కొందరి రక్తంలో మిగిలి ఉండడమే అందుకు కారణం. నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం వంటి ప్రమాదాల గురించి 2019లో మరింత తీవ్రమైన హెచ్చరిక చేర్చింది.

ఏ నిద్ర పోయింది?

డాక్టరు మందును ఎన్నుకొనే ముందు పోయినది ఏ నిద్ర అని చూస్తాడు. పడుకోగానే కునుకు పట్టనివారు కొందరు. పట్టిన నిద్ర నడిరాత్రి చెదిరిపోయేవారు మరికొందరు. జోల్పిడెమ్ సగం రెండున్నర గంటలలో శరీరం నుంచి తొలగుతుంది కనుక మొదటి రకంవారికి ఉపకరిస్తుంది. అయితే మాత్ర వేసుకొన్న తరువాత ఏడెనిమిది గంటలు పడుకొనే వీలుండాలి. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చిందని మరొకటి మింగరాదు. నైట్రజెపామ్ సగం తొలగడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. డయజెపామ్‌కు అంతకన్నా ఎక్కువే. ఇటువంటివి రోజూ వేసుకొంటే నిన్నటి మందు మీద నేటి మందు పేరుకొంటుంది.

జలుబుకూ, దురదకూ వాడే పాతకాలపు అలెర్జీ మాత్రలు మత్తునిస్తాయి కనుక వాటితో నిద్రపోయేవారూ ఉన్నారు. డైఫెన్‌హైడ్రమిన్ వంటి ఈ మందుల మత్తు ఉదయం దాకా వదలదు. కొద్ది రోజులలోనే వాటి ప్రభావం తగ్గుతుంది. పెద్దవారిలో నోరెండిపోవడం, మూత్రం బిగియడం, మతి తడబడడం కనిపిస్తాయి. మెలటోనిన్ బలమైన నిద్రమందు కాదు. అది శరీరంలోని గడియారాన్ని సవరించే పదార్థం. విమానంలో దేశాలు దాటి వచ్చినవారికి దానివల్ల కొంత ప్రయోజనం ఉంటుంది. పెళ్లి ఖర్చుల దిగులును అది తీర్చలేదు.

వృద్ధులు ఈ మత్తుమందులకు వీలైనంత దూరంగా ఉండాలని వైద్యుల అభిప్రాయం. గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండేవారు, గర్భవతులు, తెల్లవారుజామున లారీయో బస్సో నడపవలసినవారు డాక్టరుకు ఆ సంగతి ముందుగా చెప్పి తీరాలి. మద్యంతో గాని, నల్లమందు జాతి నొప్పిమందులతో గాని కలిస్తే నిద్రమాత్ర ఊపిరినే ఆపివేయవచ్చు.

నాలుగు రాత్రుల అతిథి

అప్పుడప్పుడు నిద్ర పట్టనివారికి మాత్ర నాలుగు రాత్రుల అతిథిగా ఉండాలి. ఇంటి మనిషి కారాదు. వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానితే పోయిన నిద్ర మరింతగా పోతుంది. దీర్ఘకాలం వాడినవారికి వణుకు, కలవరం, చివరికి మూర్ఛలు కూడా రావచ్చు. 2015లో తెలంగాణలో అధికారుల దాడులతో కల్తీ కల్లు దొరకకపోయేసరికి, దానికి అలవాటు పడిన వందలమంది ఇటువంటి బాధలతోనే ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలుపుతూ వచ్చినవి అల్ప్రజోలామ్, డయజెపామ్ వంటి మందులే. మందుల షాపులో నిద్రమాత్రలుగా అమ్మేవి కూడా ఇవే.

అందువల్లనే మన దేశంలో 2014 నుంచి ఈ మందులను, జోల్పిడెమ్‌ను హెచ్ 1 షెడ్యూలు కింద అమ్ముతున్నారు. డాక్టరు చీటీ ఉండాలి. రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన మందు వివరాలు షాపువారు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. పక్కింటివారి డబ్బాలోని మాత్రకు ఈ కాపలా ఏదీ ఉండదు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే అది దీర్ఘవ్యాధి. దానికి ముందుగా చేయవలసినది మందు కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే చికిత్స అని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. అందులోని కొన్ని సూత్రాలు ఎవరైనా పాటించవచ్చు. ఏ వేళకు నిద్ర పట్టినా ఒకే వేళకు లేవాలి. మధ్యాహ్నం దాటిన తరువాత కాఫీ మానాలి. అందులోని కెఫీన్ సగం తొలగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. ఇరవై నిమిషాలలో నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చినప్పుడే తిరిగి పడుకోవాలి.

ఆ తండ్రి పక్కింటి మాత్ర అందుకొనే ముందు డాక్టరును కలిసి ఉంటే, ఆయన వయసు, వాడుతున్న ఇతర మందులు, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడన్నది అడిగి ఉండేవారు. అసలు మాత్రే వద్దని ఉండవచ్చు; తప్పనిసరి అయితే తక్కువ మోతాదులో, త్వరగా తొలగిపోయేదానిని రెండు మూడు రాత్రులకు మాత్రమే రాసి ఉండవచ్చు. బహుశా మరి రెండు రాత్రులు ఆయనకు నిద్ర తగ్గేది. కాని పెళ్లినాడు తన కాళ్ల మీద తాను నిలిచి కన్యాదానం చేసేవాడు.