మాంద్యమున మోటారుబండి

ఆర్మూరు ప్రాంతమున పెండ్లియైనను క్రొత్త బండియైనను పసుపు డబ్బు చేతికందిన పిదపనే గదా. 2019 ఫిబ్రవరిలో క్వింటాలునకు 15,000 రూపాయల మద్దతు ధర కోరుచు రైతులు ఈ యూరి కడ రహదారులపై బైఠాయించిరి. ఆ యేడే దేశమున బండ్ల వ్యాపారమును చతికిలబడెను. 2018-19లో 33.77 లక్షల ప్రయాణపు బండ్లు అమ్ముడుపోగా, మఱుసటి యేట 27.73 లక్షలే పోయినవి. అప్పు పుట్టుట కష్టమయ్యెను. 2020 ఏప్రిలునుండి రానున్న బి.ఎస్.-6 పొగ నిబంధనకై కొందఱు వేచియుండిరి.

చిత్రమేమన, ఆ మాంద్యముననే ఆగస్టు 22న, నాటి అనంతపురము జిల్లా పెనుకొండ కడ తయారైన కియా సెల్టోసు బజారునకు వచ్చి, ఆ నెల లెక్కలోనే 6,236 బండ్లుగా నిలిచెను. దానికి నాడు మూడు ఇంజనులు. 1.5 లీటర్ల పెట్రోలుది, డీజిలుది చెరి 115 గుఱ్ఱముల బలము గలవి. అయినను లాగుబిగువు మొదటిదానికి 144 న్యూటను మీటర్లు, రెండవదానికి 250. నిండు సంసారముతో హైదరాబాదు పోవునపుడు ఈ భేదము తెలియును. మూడవది 1.4 లీటర్లదే; గాలిని ఒత్తి లోనికి నెట్టు టర్బో వలన 140 గుఱ్ఱములు.

డీజిలు చవుక యని మగవారందురు. కొనునపుడిచ్చిన యధిక ధర తీరుటకు ఎంత దూరము తిరుగవలెనో లెక్క వేయుమనుడు. బడికిని అంగడికిని మాత్రమే తిరుగు బండియైనచో, బి.ఎస్.-6 డీజిలునందలి మసి జల్లెడ తగినంత వేడెక్కక పూడుకొనును. అట్టి యింటికి సాదా పెట్రోలే చాలునని మా యభిప్రాయము.

వాయిదాల మాట యొకటి కలదు. జీతము నెలనెల వచ్చును, పసుపు ఏటికొకసారి. సంతకమునకు ముందే, ఆఱు నెలలకొకసారి కట్టు పద్ధతి కలదేమో బ్యాంకువారి నడుగుడు.